లెక్కలోకి రాని పరుగు

ముందుగా ఒక చిన్న పజిల్. ఒకే అమ్మాయి, ఒకే ఈవెంట్, మూడు టైమింగులు. 2020 జనవరిలో 13.03 సెకన్లు. 2022 ఏప్రిల్‌లో 13.09. అదే ఏడాది మే నెలలో 13.23. పరుగు పందెంలో టైము ఎంత తగ్గితే అంత గొప్ప. మరి ఈ మూడింటిలో జాతీయ రికార్డుగా ఎక్కింది ఏది?

మూడోది. అంటే మూడింటిలోకీ నెమ్మదైనది.

ఆ అమ్మాయి పేరు జ్యోతి యర్రాజీ. మన విశాఖపట్నం అమ్మాయి. 1999 ఆగస్టు 28న పుట్టింది. నాన్న సూర్యనారాయణ సెక్యూరిటీ గార్డు, అమ్మ కుమారి ఇళ్ళల్లో పనిచేస్తూ ఆస్పత్రిలో క్లీనింగ్ పనికి కూడా వెళ్ళేది. జ్యోతి పరిగెత్తేది 100 మీటర్ల హర్డిల్స్. ఇవాళ ఆమెను ఆసియా ఛాంపియన్ అంటాం, ఒలింపియన్ అంటాం, అర్జున అవార్డు గ్రహీత అంటాం. కానీ ఆమె కెరీర్ మొదటి రోజుల్లో ఎక్కువగా జరిగింది ఏమిటంటే, బాగా పరిగెత్తడం, ఆ పరుగు లెక్కలోకి రాకపోవడం. ఎందుకు రాలేదు అన్నదే ఈ వ్యాసం. మనం ఇంజనీరింగ్ చదివేవాళ్ళం కాబట్టి ఈ కథ మనకు ఇంకొంచెం బాగా అర్థమవుతుంది. ఎందుకంటే ఇది చివరికి కొలతల కథ.

నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టడానికి కారణం మా పిన్ని కూతురు. మాది ఆత్మకూరు, వాళ్ళది ఉదయగిరి. పదో తరగతి చదువుతోంది. స్కూల్లో అందరికన్నా వేగంగా పరిగెత్తుతుంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఫోన్ తెచ్చి చూపించింది. "అక్కా, వంద మీటర్లు పదమూడు పాయింట్ ఆరు వచ్చిందక్కా. జ్యోతక్కది పన్నెండు పాయింట్ ఏడు ఎనిమిది గదా. ఇంక సెకను కూడా లేదు!" దాని కళ్ళలో వెలుగు చూసి వెంటనే ఏమీ అనలేకపోయాను. కానీ ఆ మాటలో విడదీసి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

పది అడ్డంకులు, నూరు మీటర్లు

మొదటి సంగతి, మా చెల్లి పరిగెత్తింది ఉత్త వంద మీటర్లు. జ్యోతి 12.78లో పరిగెత్తింది మధ్యలో పది హర్డిల్స్ దాటుతూ. ఒక్కో హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అంటే మన క్లాసురూం బెంచీ మీద రాసుకునే బల్ల కంటే ఎత్తే. స్టార్టింగ్ లైన్ నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు. తర్వాత ఒక్కోదానికీ మధ్య 8.5 మీటర్లు. చివరి హర్డిల్ నుంచి ఫినిష్‌కి 10.5 మీటర్లు. కూడితే సరిగ్గా వంద.

మొదటి హర్డిల్ దాకా సాధారణంగా ఎనిమిది అడుగులు, కొందరు ఏడు. ఆ తర్వాత రెండు హర్డిల్స్ మధ్య మూడే మూడు అడుగులు. నాలుగు పడితే ఎగిరే కాలు మారిపోతుంది. అందుకని ఇది దూకుడు పందెం కాదు, లయ తప్పకుండా పరిగెత్తే పందెం. ఒక హర్డిల్ దగ్గర కాలు కాస్త పైకి లేచినా, మడమ తగిలినా, ఆ తప్పు తర్వాతి హర్డిల్స్ అన్నిటికీ పాకుతుంది.

హర్డిల్స్ వల్ల ఎంత టైము పోతుందో జ్యోతి లెక్కల్లోనే చూడొచ్చు. 2022 అక్టోబరులో గుజరాత్ నేషనల్ గేమ్స్‌లో ఆమె ఉత్త వంద మీటర్లు కూడా పరిగెత్తి 11.51 సెకన్లలో గోల్డ్ గెలిచింది. అదే నెలలో హర్డిల్స్‌తో 12.82. తేడా 1.31 సెకన్లు. పది హర్డిల్స్‌కి పంచితే ఒక్కోదానికీ 0.13 సెకను. కనురెప్ప వేసేంత సేపు కూడా కాదు. అంటే మా చెల్లి పోల్చుకోవాల్సింది 12.78తో కాదు, 11.51తో. ఈ మాట చెబితే దాని మొహం కొంచెం వాడింది గానీ, "అయితే జ్యోతక్క ఎగురుకుంటా కూడా నాకన్నా ముందే ఉంటాదా!" అని నోరు తెరిచింది.

13.03: కాగితం లేని పరుగు

ఇప్పుడు పజిల్‌కి వద్దాం. మన దేశంలో ఈ ఈవెంట్ రికార్డు ఒడిశా అథ్లెట్ అనురాధ బిస్వాల్ పేరు మీద ఉండేది. 2002లో పెట్టిన 13.38. జ్యోతికి అప్పుడు మూడేళ్ళు.

విశాఖలో పోర్ట్ హైస్కూల్లో చదివేటప్పుడు జ్యోతి పొడుగు చూసి పీఈటీ హర్డిల్స్ వైపు పంపారు. 2016లో హైదరాబాద్ సాయ్ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డీ నాగపురి రమేశ్ దగ్గర చేరింది. ఆ తర్వాత గుంటూరు. ఆ తర్వాత భువనేశ్వర్‌లోని ఒడిశా రిలయన్స్ హై పెర్ఫార్మెన్స్ సెంటర్‌లో బ్రిటిష్ కోచ్ జేమ్స్ హిల్లియర్. ఇల్లు వదిలి, ఊరు వదిలి, చివరికి రాష్ట్రం వదిలి వెళ్ళిందన్నమాట.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ మీట్ జరిగింది. మనలాంటి యూనివర్సిటీ స్టూడెంట్లు పాల్గొనే పోటీ అది. అందులో జ్యోతి 13.03లో ఫినిష్ చేసింది. పద్దెనిమిదేళ్ళ నాటి రికార్డు కంటే 0.35 సెకను మెరుగు. ఇది చిన్న తేడా కాదు.

కానీ ఆ టైము రికార్డు కాలేదు. ఆ మీట్‌లో ఆమెకు నాడా వాళ్ళ డోప్ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున టెక్నికల్ డెలిగేట్ కూడా అక్కడ లేరు. ఈ రెండు కారణాలతో ఆ పరుగు పక్కకు పోయింది.

రూలు తప్పని నేను అనను. రికార్డు అంటే దేశమంతా నమ్మాల్సిన అంకె. పరిగెత్తిన మనిషి ఒంట్లో మందు లేదని ఎవరో ఒకరు పరీక్షించి చెప్పాలి. ట్రాక్ సరిగ్గా ఉందని, గడియారం సరిగ్గా పనిచేసిందని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. అయితే గమనించండి, ఈ రెండింటిలో ఒక్కటి కూడా ఆ అమ్మాయి చేతిలో లేదు. పరీక్ష చేసేవాళ్ళను తానే వెంటబెట్టుకుని పోలేదు కదా. పరుగు ఆమెది. దానికి సాక్ష్యం పలకాల్సింది వ్యవస్థ. ఆ రోజు సాక్షి రాలేదు.

ఆ తర్వాత రెండు నెలలకే కరోనా. పోటీలే ఆగిపోయాయి.

13.09: గాలి ఎక్కువైన పరుగు

2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో ఫెడరేషన్ కప్. ఈసారి డెలిగేట్లు ఉన్నారు, అన్నీ ఉన్నాయి. జ్యోతి 13.09. మళ్ళీ పాత రికార్డు కంటే మెరుగే. మళ్ళీ లెక్కలోకి రాలేదు. ఈసారి కారణం గాలి.

స్ప్రింట్‌లో, హర్డిల్స్‌లో వెనక నుంచి గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటితే ఆ టైమును రికార్డుగా తీసుకోరు. పోటీలో గెలుపు గెలుపే, మెడల్ మెడలే. టైము మాత్రం రికార్డుల పుస్తకంలోకి పోదు. కోజికోడ్‌లో ఆ రోజు రీడింగ్ +2.1.

దీన్ని ఎలా కొలుస్తారో చూస్తే మనకు సరదాగా ఉంటుంది. ఫినిష్ లైన్‌కి 50 మీటర్ల దూరంలో, ట్రాక్ పక్కనే రెండు మీటర్ల లోపు, నేల నుంచి 1.22 మీటర్ల ఎత్తులో విండ్ గేజ్ పెడతారు. వంద మీటర్ల పరుగుకైతే తుపాకీ పేలినప్పటి నుంచి 10 సెకన్లు, వంద మీటర్ల హర్డిల్స్‌కైతే 13 సెకన్లు గాలిని కొలిచి సగటు తీస్తారు. గాలి పక్క నుంచి వీచినా, పరుగు దిశలో దాని భాగం ఎంతో అంతే లెక్క. ఇంటర్ ఫిజిక్స్‌లో చేసిన కాస్ తీటా ఇదే.

ఇంకో మెలిక ఉంది. రీడింగ్‌ని ఒక దశాంశ స్థానానికి కుదించేటప్పుడు ఎప్పుడూ పై అంకెకే పోతారు. 2.01 వచ్చినా, 2.09 వచ్చినా కాగితం మీద 2.1 అనే పడుతుంది. కాబట్టి +2.1 అని చూసినప్పుడు, ఆ గాలి గీత దాటింది ఎంత మేరకో బయటివాళ్ళకు తెలీదు. గీత దాటింది, అంతవరకే.

రెండు మీటర్ల వెనక గాలి ఉత్త వంద మీటర్లలో సుమారు పదో వంతు సెకను సాయం చేస్తుందని లెక్కలు కట్టారు. హర్డిల్స్‌లో అదే గాలి ఒక్కోసారి ఇబ్బంది కూడా పెడుతుంది. మూడడుగుల్లో చేరాల్సిన హర్డిల్ దగ్గరికి మనిషిని ముందే తోసేస్తుంది, దూకడానికి చోటు చాలదు. రూలుకి ఈ తేడాలతో పనిలేదు. అందరికీ ఒకటే గీత.

అదే ఏడాది అక్టోబరులో గాంధీనగర్‌లో నేషనల్ గేమ్స్‌లో జ్యోతి 12.79 కొట్టింది. పదమూడు సెకన్ల గోడ మొదటిసారి దాటింది. రీడింగ్ చూస్తే +2.5. మళ్ళీ గాలి!

ఇది మన దేశంలో మాత్రమే జరిగేది అనుకోకండి. 2022 జులైలో అమెరికాలోని యూజీన్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్. నైజీరియా అమ్మాయి టోబి అముసన్ సెమీఫైనల్లో 12.12తో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే సాయంత్రం ఫైనల్లో ఇంకా వేగంగా 12.06. గాలి +2.5. గోల్డ్ మెడల్ వచ్చింది, ప్రపంచ రికార్డు మాత్రం 12.12 దగ్గరే ఉండిపోయింది.

దీనికి పూర్తిగా తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. 1988లో ఇండియానాపొలిస్‌లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ వంద మీటర్లు 10.49లో పరిగెత్తింది. గేజ్ 0.0 చూపించింది. అదే సమయంలో పక్కనే జరుగుతున్న ట్రిపుల్ జంప్ దగ్గర గేజ్ +4.3 చూపించింది. గేజ్ పాడైందని చాలామంది నిపుణులు ఇప్పటికీ అంటారు. అయినా ఆ కాగితం మీద 0.0 ఉంది కాబట్టి 10.49 ఈనాటికీ ప్రపంచ రికార్డే. అంటే గాలి అసలు ఎంత వీచిందన్నది ఒకటి, కొలిచినది ఎంతన్నది ఒకటి. పుస్తకంలోకి పోయేది రెండోది.

13.23: నెమ్మదైనా నిలబడింది

కోజికోడ్ తర్వాత జ్యోతి యూరప్ వెళ్ళింది. 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. గాలి మైనస్ 0.1, అంటే ఎదురు గాలి. అన్ని పరికరాలూ ఉన్నాయి, అన్ని కాగితాలూ ఉన్నాయి. ఇరవై ఏళ్ళ రికార్డు అక్కడ పోయింది. తన సొంత బెస్ట్ కంటే 0.20 సెకను ఎక్కువ తీసుకుని ఆమె జాతీయ రికార్డు హోల్డర్ అయింది!

గేటు ఒకసారి తెరుచుకున్నాక ఆగలేదు. అదే మే 22న ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో 13.11. నాలుగు రోజులకు నెదర్లాండ్స్‌లోని వుఖ్త్‌లో 13.04. పదహారు రోజుల్లో మూడు దేశాల్లో మూడు జాతీయ రికార్డులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యూరప్‌లో ఆ ఊళ్ళు మహా నగరాలేం కావు. కానీ ఒక మామూలు వారాంతపు మీట్‌కి కూడా ఎలక్ట్రానిక్ టైమింగ్, విండ్ గేజ్, అర్హత ఉన్న అధికారులు ఉంటారు. పోటీకి పోటీ పక్కనే ఉంటుంది. ఓసారి గాలి దెబ్బ కొట్టినా వారం తిరక్కుండానే ఇంకో అవకాశం. మన దగ్గర ఆ ఒక్క మీట్ పోతే మళ్ళీ ఎప్పుడో. కుర్రాళ్ళను విదేశాలకు పంపడం అంటే గట్టి ప్రత్యర్థులతో పోటీ కోసమే అనుకుంటాం. నమ్మదగిన కొలతల దగ్గరికి పంపడం కూడా అందులో ఉంది.

అలాగని అంతా గెలుపే కాదు. ఆ ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్‌లో హీట్‌లో 13.18తో నాలుగో స్థానం, ఫైనల్‌కి చేరలేదు. పెద్ద వేదిక మీద మొదటి పాఠం. తర్వాత రెండు నెలలకే, 2022 అక్టోబరు 17న బెంగళూరు నేషనల్ ఓపెన్‌లో 12.82. గాలి +0.9, గీతకు చాలా కింద. పదమూడు సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అని ఈసారి ఏ అనుమానం లేకుండా రాసుకున్నారు.

2023లో ఆసియా వంతు. ఫిబ్రవరిలో కజకిస్తాన్‌లోని ఆస్తానాలో ఇండోర్ 60 మీటర్ల హర్డిల్స్‌లో 8.13తో సిల్వర్. జులైలో బ్యాంకాక్ ఆసియన్ ఛాంపియన్‌షిప్స్‌లో 13.09తో గోల్డ్, వెనక ఇద్దరూ జపాన్ వాళ్ళు. ఆ ఈవెంట్‌లో భారత్‌కి అదే మొదటి గోల్డ్. కోజికోడ్‌లో గాలి ఎత్తుకుపోయిన 13.09 అంకే ఇక్కడ మెడల్ తెచ్చిపెట్టింది. ఆగస్టులో చెంగ్డూ ప్రపంచ యూనివర్సిటీ గేమ్స్‌లో 12.78, కొత్త జాతీయ రికార్డు, బ్రాంజ్ మెడల్.

హాంగ్‌ఝౌలో ఎర్ర కార్డు

2023 అక్టోబరు 1, ఆసియా క్రీడల ఫైనల్. చైనా అమ్మాయి వు యన్నీ తుపాకీ పేలకముందే కదిలింది. పక్క లేన్‌లో ఉన్న జ్యోతి ఆ కదలికకు కదిలింది. అధికారులు ముందు ఇద్దరినీ తప్పు పట్టారు.

ఇక్కడ రూలు ఏమంటుందంటే, స్టార్టింగ్ బ్లాక్‌లో సెన్సార్లు ఉంటాయి. తుపాకీ శబ్దం తర్వాత 0.100 సెకను లోపు కాలు నెడితే ఫాల్స్ స్టార్ట్. చెవి విని, మెదడు చెప్పి, కాలు కదలడానికి కనీసం అంత సమయం పడుతుందన్న అంచనా మీద పెట్టిన గీత అది. 2010 నుంచి ఒక్క ఫాల్స్ స్టార్ట్‌కే అవుట్. అయితే ఒకరు ముందు కదిలితే పక్కవాళ్ళు కదలడం సహజమనీ, దానికి కారణమైనవాళ్ళనే శిక్షించాలనీ కూడా రూల్సులో ఉంది.

జ్యోతి ఆ సంగతి తెలిసిన మనిషి. ఏడుస్తూ బయటికి పోలేదు. ట్రాక్ మీదే నిలబడి అధికారులతో వాదించింది, రీప్లే చూడమంది. చాలాసేపు చర్చలయ్యాక ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు, నిర్ణయం తర్వాత అన్నారు. అంత గొడవ అయ్యాక మళ్ళీ బ్లాక్‌లో కూర్చుని మూడడుగుల లయ పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి. జ్యోతి 12.91తో మూడోదిగా వచ్చింది. తర్వాత వు యన్నీని డిస్‌క్వాలిఫై చేశారు. బ్రాంజ్ సిల్వర్ అయింది.

మూడబిద్రిలో ఆమె పరుగుకి సాక్షి లేడు. హాంగ్‌ఝౌలో సాక్ష్యం కెమెరాలో ఉంది, దాన్ని చూడమని అడిగే ధైర్యం ఆమెలో ఉంది. నాకు ఆమె కెరీర్‌లో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. రూల్సు తెలుసుకోవడం కూడా ట్రైనింగ్‌లో భాగమే.

చివరిగా ఒక అంకె. 2024 మేలో ఫిన్లాండ్‌లోని యువస్కూలాలో జ్యోతి మళ్ళీ 12.78 పరిగెత్తింది. పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్ళడానికి కావాల్సింది 12.77. ఒక్క సెకనులో నూరో వంతు. ఆ వేగంలో అది సుమారు 7.8 సెంటీమీటర్లు, మన లెక్కలో బెత్తెడు. 1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష బ్రాంజ్ పోగొట్టుకున్నదీ ఈ నూరో వంతుతోనే. జ్యోతి తర్వాత ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా పారిస్ వెళ్ళింది. ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్ పరిగెత్తిన మొదటి భారతీయ మహిళ అయింది.

ఉదయగిరి గ్రౌండులో టేపు

ఇప్పుడు మా చెల్లి 13.6 దగ్గరికి వద్దాం. ఆ అంకె మీద మా పిన్ని ఇంట్లో ఒక నిర్ణయం ఆధారపడి ఉంది. పదో తరగతి అయిపోతోంది. దానికి స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్స్‌కి వెళ్ళాలని ఉంది. చిన్నాయనకు నెల్లూరులో ఎంపీసీలో చేర్చాలని ఉంది. పిన్ని ఉదయగిరిలో చెక్క స్పూన్ల పనికి పోతుంది, రోజంతా ఆకురాయి పట్టి నునుపు చేసే పని. ఫీజు కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో దానికి తెలుసు. చిన్నాయన చెడ్డ మాట ఏమీ అనలేదు. "ఎంత పరిగెత్తినా కాగితం మీద లేకపోతే ఎవరడుగుతారమ్మా? ఎంపీసీ అయితే మార్కులన్నా ఉంటాయి" అన్నాడు. మూడబిద్రి కథ చదివాక ఆ మాట తీసిపారేయలేకపోయాను.

అందుకని కొలిచాం. ఊళ్ళో ఇళ్ళు కట్టే మేస్త్రి దగ్గర పొడుగు టేపు, వాటర్ లెవెల్ ట్యూబు అడిగి తెచ్చాం. పిల్లలు వంద మీటర్లనుకుని సున్నం గీతలు గీసుకున్న దూరం టేపు పెడితే 96 మీటర్ల 40 సెంటీమీటర్లు. పైగా గ్రౌండు చెరువు వైపు వాలుగా ఉంది. రూలు ప్రకారం పరుగు దిశలో వాలు వెయ్యికి ఒకటి దాటకూడదు, అంటే వంద మీటర్లకి 10 సెంటీమీటర్లు. ట్యూబులో నీళ్ళు చూస్తే అంతకంటే చాలా ఎక్కువే తేలింది.

తర్వాత ఫోన్ స్టాప్‌వాచ్. చేత్తో నొక్కే టైముకి, ఎలక్ట్రానిక్ టైముకి వంద మీటర్లలో 0.24 సెకను తేడా కలుపుతారు. ఎందుకంటే మొదట్లో శబ్దం విన్నాక వేలు కదలడానికి కొంత సమయం పడుతుంది. చివర్లో మాత్రం మనిషి వస్తూ కనపడుతుంది కాబట్టి సరైన సమయానికే నొక్కేస్తాం. మొదట్లో పోగొట్టుకున్న సమయం టైము తక్కువ చేసి చూపిస్తుంది. లోటుపడ్డ 3.6 మీటర్లకి అర సెకను, చేతి గడియారానికి పావు సెకను కలిపితే 13.6 కాస్తా 14.3 దాటింది. వాలు, గాలి ఇంకా కలపలేదు. వేసవి దాటి ఆషాఢం వచ్చిందంటే వెలిగొండల మీదుగా పడమటి గాలి ఎట్ట కొడతాదో మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ గాలి వీపు మీద పెట్టుకుని పరిగెత్తితే ఎవరైనా ఛాంపియనే.

సరిగ్గా వంద కొలిచి, వాలుకి అడ్డంగా కొత్త గీతలు గీశాం. ముగ్గురం మూడు ఫోన్లు పట్టుకున్నాం. చేతి టైమింగ్‌లో ముగ్గురికీ మూడు రకాలుగా వస్తే మధ్య అంకె తీసుకోవాలని రూలు. 14.1, 14.2, 14.3 వచ్చాయి. కాబట్టి 14.2. నోట్‌బుక్‌లో తేదీ వేసి, గాలి ఎటు నుంచి ఉందో కూడా రాశాం. మా చెల్లి కాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం అదే వచ్చి, "వారానికోసారి ఇట్టనే రాద్దామక్కా" అంది.

మొన్న ఫోన్ చేసింది. 13.9 అంట. పాత 13.6 కంటే ఎక్కువ అంకె. కానీ ఇది 13.9 అని ఎవరి ముందైనా చెప్పుకోవచ్చు. ఆ నోట్‌బుక్ చిన్నాయన కూడా తిరగేశాడంట. సెలక్షన్స్‌కి సరే అనలేదు, కాదని కూడా అనలేదు. సెలక్షన్ తేదీ ఎప్పుడో కనుక్కోమన్నాడంట.

మనం చేయగలిగేది

ప్రతి ఊళ్ళో సింథటిక్ ట్రాక్ రావాలని రాయడం తేలిక. అది మన చేతిలో లేదు. కానీ కొలత మన చేతిలో ఉంది. ఆలోచించండి. రెండు అల్ట్రాసోనిక్ సెన్సార్లను అర మీటరు దూరంలో ఎదురెదురుగా పెట్టి శబ్దాన్ని అటూ ఇటూ పంపితే, గాలి వీచే వైపు శబ్దం తొందరగా చేరుతుంది. గాలి సెకనుకి 2 మీటర్లుంటే ఆ రెండు ప్రయాణాల మధ్య తేడా సుమారు 17 మైక్రోసెకన్లు. 0.1 మీటరు వరకూ తెలియాలంటే ఒక మైక్రోసెకను కంటే తక్కువ తేడా పట్టగలగాలి. కష్టమే, కానీ ఈసీఈ ఫైనలియర్ ప్రాజెక్టుకి సరిపోయే కష్టం. ఫినిష్ దగ్గర ఒక లేజర్ గేటు, స్టార్ట్ దగ్గర ఒక మైక్ ఉంటే 0.24 గోల కూడా పోతుంది. సివిల్ వాళ్ళు లెవెలింగ్ ప్రాక్టికల్స్ ఎలాగూ చేస్తారు, ఒకరోజు ఏదైనా స్కూల్ గ్రౌండులో చేయండి.

వీటితో జాతీయ రికార్డులు రావు. రికార్డుకి ధ్రువీకరించిన పరికరాలు, అధికారులు, డోప్ పరీక్ష అన్నీ కావాలి. కానీ ఒక పదో తరగతి పిల్లకి తన అసలు టైము ఎంతో తెలుస్తుంది. ఎక్కడికి పోవాలో, ఇంకా ఎంత దూరం ఉందో తెలుస్తుంది. వాళ్ళ నాన్నకి చూపించడానికి ఒక కాగితం ఉంటుంది.

వచ్చే సెమిస్టర్ బ్రేక్‌లో ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఒక రెండు స్కూళ్ళకి వెళ్ళాలని మేం ముగ్గురం అనుకుంటున్నాం. టేపు ఉంది. సున్నం అక్కడే దొరుకుతుంది. సెన్సార్లు, కోడింగ్ తెలిసినవాళ్ళు కావాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు క్లబ్ రూములో కలవండి.